దుబాసీ

మసాకా దాటాక తారు రోడ్డు ఆగిపోయింది.
డాక్టర్ కముసీమె మాత్రం ఆగలేదు,
జీపు కుదుపులకి సగం వాక్యాలు కింద పడిపోతున్నాయి.
నా పని ఆయన ఇంగ్లీషుని లుగాండాలోకి మోయడం.
రోజుకి లక్షన్నర షిల్లింగులు, మధ్యాహ్నం భోజనం.

చర్చి పక్క రేకుల షెడ్డులో నూట యాభై మంది.
గోడ మీద వెలుతురు బొమ్మ వేశాడాయన:
కోసిన అరటి బోదెలోంచి పసుప్పచ్చని చీము.
ఎవరూ బొమ్మకేసి చూడలేదు.
తోటల్లో చూసే వచ్చారు.

కత్తి మోసుకెళ్తుంది తెగులుని, అన్నాడు,
ఒక తోట నుంచి ఇంకో తోటకి
అరువెళ్ళిన కత్తి.
చెప్పాను.
పిలక కూడా, ప్రేమగా ఇచ్చుకున్న పిలక కూడా, అన్నాడు.
అదీ చెప్పాను.
నా గొంతులో అది నేరం మోపినట్టు వినిపించింది.

తర్వాత 'జీన్' అన్నాడు.
రేడియో వాళ్ళు వాడే మాట ఒకటుంది మా భాషలో,
పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలా;
ముందు వరస ముసలాళ్ళకి అది తెలీదు.
"తాత ముక్కుని మనవడికి తెచ్చిపెట్టేది" అన్నాను.
తలలూపారు.
"తీపి మిరపలోంచి అలాంటిదొకటి తీసి
అరటిలో పెట్టాం."
"అయితే ఇకనించి అరటి ముక్కు మిరపకాయలా ఉంటుందా?"
వెనకనించి ఎవరో. షెడ్డు షెడ్డంతా గొల్లుమంది.
ఏం జరిగిందని డాక్టరు నా వంక చూశాడు.
ఆ నవ్వుని ఎలా మోయను?

ముకీబి లేచాడు, కంపాలా నుంచి వచ్చిన కుర్రాడు,
చొక్కా మీద పిడికిలి బొమ్మ.
"ఇవాళ తెగులు పేరు చెప్పి లోపలికొస్తారు,
రేపు మొక్క మాదంటారు.
ఎల్లుండి నీ పెరట్లో నువ్వే కౌలుదారు!"
చప్పట్లు.
డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
"మా అమ్మ తోట కూడా పోయింది"
అన్నాడు, ఇంగ్లీషులో కాదు, తన ఊరి రున్యంకోలేలో.
అది నేను మోయక్కర్లేకపోయింది.
చప్పట్లు లేవు. దగ్గులు మాత్రం ఆగాయి.

అప్పుడొచ్చింది వాన.
రేకుల మీద వాన పడితే ఏ భాషా వినపడదు.
అవునన్నవాళ్ళూ కాదన్నవాళ్ళూ
అరగంట ఒకరి నోళ్ళు ఒకరు చూస్తూ కూచున్నారు.
ఈలోగా భోజనాలు వడ్డించారు.
మతోకె లేదు.
అరటి కోసం పోట్లాడుకోడానికొచ్చిన ఊరు
బజారు మొక్కజొన్న పిండితో చేసిన ముద్ద తింది,
బడుల్లో, జైళ్ళలో వండే ముద్ద.
మూడేళ్ళ కిందట ఇదే షెడ్డులో పెళ్ళికి
అరటాకుల్లో చుట్టి ఉడికించిన మతోకె ఆవిరికి
స్తంభాలకి చెమట పట్టిందని
నా పక్కన నబ్బోసా చెప్పింది,
ముద్దని వేలితో నొక్కి చూస్తూ.

చివర్న అడిగింది కూడా నబ్బోసాయే, లేవకుండా.
రెండెకరాలు నరికి పూడ్చిన మనిషి.
తన బిడ్డల మాయ ఏ దుబ్బుల కింద పాతారో
ఆ దుబ్బుల్ని కూడా.
"నీ మొక్క పిలక వేస్తుందా?"
వేస్తుంది.
"ఆ పిలక నా కోడలికి ఇవ్వచ్చా?
కోడలు వాళ్ళమ్మకి ఇవ్వచ్చా?
నిన్ను అడక్కుండా?"

డాక్టరు కాగితాలు తిరగేశాడు.
"ఇవ్వచ్చు" అన్నాడు. ఆగాడు.
"ఇప్పుడున్న నిబంధనల ప్రకారం,
నాకు తెలిసినంతవరకు,
రాబోయే చట్టాన్ని బట్టి..."
నిజాయితీ ఉన్న మనిషి. మాటకున్న తోకలన్నీ ఉంచాడు.

నేను కత్తిరించాను.
"ఇవ్వచ్చు" అన్నాను.
వాన చీకటో, ఒళ్ళో ముడుచుకున్న ఆమె వేళ్ళో,
ఎందుకో ఇప్పటికీ తెలీదు.

జీపెక్కుతుంటే వెనకాలే వచ్చింది.
వంటల పొయ్యిలో మిగిలిన మంట మీద
కత్తిని అటూ ఇటూ కాల్చింది;
కోయడానికి ఏమీ లేకపోయినా
అలవాటు పోలేదంది.
కత్తి చల్లారేదాకా నన్నే చూసింది.

"అమ్మాయ్,
ఆయన అంతసేపు మాట్లాడాడు గదా,
నువ్వు ఒక్క మాటే చెప్పావేం?"